చోడి పిండి డబ్బా
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం ఏర్పాటు చేసిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9న మన పాట, మన థింసా, మన భూమి గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి, "మీరు పట్నంలో రొట్టెల చదువు చదివారు కదా, పిల్లలకు ఆ సంగతి చెప్పండి" అన్నారు. మొదట నవ్వొచ్చింది. డాక్టరు చదివినవాళ్లు, గ్రూప్స్ రాసినవాళ్లు ఉండగా బన్నులు కాల్చేవాళ్లు ఏం చెబుతారు అనుకున్నాం. తర్వాత ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటే, చెప్పాల్సింది ఒకటుందని తోచింది. అందులో మాకు గొప్పగా అనిపించే ముక్కలున్నాయి, సిగ్గుపడే ముక్క కూడా ఉంది. రెండూ చెబుతాం.

మేం వెళ్లింది నలుగురం. ఇక్కడ నిలబడింది ముగ్గురం. ముందే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

పాడేరు నుంచి బస్సులో ఘాట్ దిగి, విశాఖపట్నంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు చేరాం. నలుగురం ఆశ్రమ పాఠశాలలో ఒకే బెంచీ వాళ్లం. వంట నేర్పే ఒక కళాశాలలో సీటు వచ్చింది. ఇంట్లోవాళ్లకు కళాశాలలో వంటేమిటో అర్థం కాలేదు. "అన్నం వండటానికి హైదరాబాదు పోవాలా?" అని ఒక నాన్న అడిగాడు. మా అమ్మల్లో ఒకరు మాత్రం ఏమీ అడగకుండా స్టీలు డబ్బా నిండా చోడి పిండి పోసి మూత బిగించి సంచిలో పెట్టింది. "అక్కడ చోళ్లు దొరుకుతాయో లేదో, నలుగురూ అంబలి కాచుకోండి" అంది. ఆ డబ్బా దగ్గరికి మళ్లీ వస్తాం.

బేకరీ తరగతిలో మొదటి వారం మేం పిండి ముట్టుకోలేదు, తూకమే నేర్చుకున్నాం. అక్కడ గ్లాసుతో, చారెడుతో కొలవరు. నీళ్లు కూడా గ్రాముల్లోనే తూస్తారు. బేకర్ల లెక్క ఒకటుంటుంది. పిండి ఎంత తీసుకున్నా దాన్ని 100 అనుకోవాలి. మిగతావన్నీ దానితో పోల్చి చెప్పాలి. మామూలు మిల్క్ బ్రెడ్డుకు పిండి 100 అయితే నీళ్లు, పాలు కలిపి 60 దాకా, ఉప్పు 2, పొడి ఈస్టు 1, పంచదార 4 లేక 5. ఈ లెక్క వంటబడితే పది బ్రెడ్లైనా, వెయ్యి బ్రెడ్లైనా ఒకటే. లెక్కల్లో తప్పిన మాలో ఒకరికి శాతాలు మొదటిసారి బుర్రకెక్కింది ఆ పిండి బల్ల దగ్గరే.

రెండో వారం పిండి పిసకడం. గోధుమ పిండిలో నీళ్లు పోసి పిసికితే గ్లూటెన్ అనే సాగే గుణం తయారవుతుంది. ముద్దలోంచి చిన్న ముక్క తీసి వేళ్లతో నెమ్మదిగా సాగదీస్తే, చిరగకుండా వెలుతురు కనబడేంత పల్చని పొర రావాలి. వస్తే పిసకడం చాలినట్టు. ఈస్టు అనేది ప్రాణమున్న జీవి. అది చక్కెర తిని గాలి వదులుతుంది, ఆ గాలిని గ్లూటెన్ బుడగల్లా పట్టి ఉంచుతుంది, అందుకే బ్రెడ్డు పొంగుతుంది. నీళ్లు గోరువెచ్చగా ఉంటే ఈస్టు హాయిగా పనిచేస్తుంది. మరుగుతున్న నీళ్లు పోస్తే చచ్చిపోతుంది. మా మొదటి ముద్ద అలాగే చచ్చింది. మూడు గంటలు గుడ్డ కప్పి కాపలా కాశాం, అది రాయిలా కూర్చుంది.

ఇంకోసారి ఉప్పు మర్చిపోయాం. ముద్ద ఆవేశంగా పొంగింది, చూసి మురిసిపోయాం. ఓవెన్‌లో పెట్టాక నడుం విరిగినట్టు కూలిపోయింది. ఉప్పు రుచికి మాత్రమే కాదు, ఈస్టును అదుపులో పెడుతుంది, గ్లూటెన్‌ను బిగిస్తుంది. కిలో పిండికి 20 గ్రాముల ఉప్పు. ఆ 20 గ్రాములు మర్చిపోతే మిగతా కష్టమంతా వృథా.

ఇప్పుడు సిగ్గుపడే ముక్క చెబుతాం.

రెండో నెలలో ఒకరోజు మేష్టారు అందర్నీ వరసగా లేపి, "మీ ఇంట్లో తినే ధాన్యం ఏమిటి? దానితో రొట్టె ఎలా చేస్తారు?" అని అడిగారు. మంచి ప్రశ్నే. పంజాబు అబ్బాయి గోధుమ అన్నాడు, మహారాష్ట్ర అమ్మాయి జొన్న భాకరి గురించి చెప్పింది. మా నలుగురిలో మొదట లేచినవాడు "చోళ్లు సార్" అన్నాడు. మేష్టారికి ఆ మాట తెలియలేదు. ఇంగ్లీషులో ఏమంటారో వాడికి తెలియలేదు. చేత్తో గింజ ఇంత ఉంటుందని చూపించాడు, కంకి వేళ్లు ముడిచినట్టు ఉంటుందని పిడికిలి పట్టి చూపించాడు. ఆకులో చుట్టి నిప్పుల మీద రొట్టె కాలుస్తామని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పబోయాడు. వెనక నుంచి ఎవరో "పిట్టలకు వేసేవా?" అన్నారు. తరగతి అంతా నవ్వింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేం ముగ్గురం కూడా నవ్వాం.

మా వంతు వచ్చినప్పుడు ఒకరి తర్వాత ఒకరం "రైస్ సార్" అని చెప్పి కూర్చున్నాం. అబద్ధం కాదు, అన్నమూ తింటాం. కానీ ఆ క్షణంలో అది అబద్ధమే. వాడు మా వైపు ఒకసారి చూశాడు. ఆ రాత్రి ఏమీ అనలేదు. మూడు వారాలు కాకుండానే ఊరికి వెళ్లిపోయాడు. ఇంగ్లీషు రాక వెళ్లిపోయాడని అందరికీ చెప్పాం. మాకు మేం కూడా అదే చెప్పుకున్నాం.

వాడు వెళ్లాక చోడి పిండి డబ్బాను మంచం కిందకు తోసేశాం. హాస్టల్ గదికి ఎవరైనా వస్తే అదేమిటని అడుగుతారని భయం. కొన్ని నెలల తర్వాత తీసి చూస్తే పురుగు పట్టింది. ఎవరూ చూడకుండా తీసుకెళ్లి పారబోశాం. అదే వారం అమ్మ ఫోన్ చేసి, "పిండి అయిపోయిందా? మళ్లీ పంపనా?" అంది. "అయిపోయిందమ్మా, బాగుంది, ఇక్కడే కొనుక్కుంటాం, పంపొద్దు" అన్నాం.

చదువు మాత్రం సాగింది. రకరకాల రొట్టెలు వచ్చాయి. ఒక్కో రొట్టె వెనుక ఒక ఊరుందని మెల్లగా తెలిసింది.

మనం చాయ్‌లో ముంచుకు తినే పావు పోర్చుగీసు వాళ్లతో గోవాకు వచ్చింది. ఆ పేరు కూడా వాళ్ల మాట నుంచి వచ్చిందే. అప్పట్లో గోవాలో ఈస్టు దొరక్క కల్లు పోసి పిండి పొంగించేవారని మేష్టారు చెప్పారు. కేరళలో అప్పం పిండి కూడా కల్లుతో పులియబెట్టే అలవాటుంది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మన జీలుగు కల్లు పొద్దున తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పొంగి నురగ కడుతుంది కదా, ఆ నురగలో ఉన్నది ఈస్టే. పెద్దలు కంగారుపడొద్దు, కల్లు తాగమని చెప్పడం లేదు. బేకరీవాళ్లు పొట్లంలో కొనే ప్రాణి మన చెట్టు మీద కుండలోనూ ఉందని చెబుతున్నాం.

ఫ్రాన్సు వాళ్ల బాగెట్‌లో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు తప్ప ఇంకేమీ ఉండవు. నూనె లేదు, పంచదార లేదు. ఓవెన్‌లో ఆవిరి పట్టించి, పైన బ్లేడుతో గాట్లు పెట్టి కాలిస్తే పెంకు కరకరలాడుతుంది. ఆ రొట్టె చేసే నేర్పును 2022లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకుముందే, 2014లో ఆర్మేనియా వాళ్ల లవాష్‌ను చేర్చింది. లవాష్ పొంగే రొట్టె కూడా కాదు. ఆడవాళ్లు కలిసి కూర్చుని పల్చగా ఒత్తి మట్టి పొయ్యి గోడకు అంటించి కాల్చుకునేది.

ఇటలీ వాళ్ల చబట్టా పిండి మరీ జారుగా ఉంటుంది, చేతికి అంటుకుని ఏడిపిస్తుంది. కాలిస్తే లోపల పెద్ద పెద్ద గుల్లలు వస్తాయి. ఆ పేరుకు చెప్పు అని అర్థం, ఆకారాన్ని బట్టి పెట్టారు. వందల ఏళ్ల నాటిదేమో అనుకున్నాం. కాదట. అడ్రియా అనే ఊళ్లో పిండిమర నడిపే ఆర్నాల్డో కవల్లారి అనే ఆయన 1982లో తయారు చేశాడు. బయటి నుంచి వచ్చిన బాగెట్లు తమ ఊళ్లలో అమ్ముడుపోతుంటే, మన పిండితో మన రొట్టె ఉండాలని పూనుకున్నాడట. ఇప్పుడు అది ప్రపంచమంతా తెలుసు. మన నాన్నల వయసు కూడా లేదు ఆ రొట్టెకు.

ఆ తర్వాత వచ్చింది రై బ్రెడ్డు. మమ్మల్ని మార్చింది అదే.

రై అనేది చలి ఊళ్లలో, గోధుమ సరిగా పండని నేలల్లో పండే ధాన్యం. జర్మనీ, పోలండ్, రష్యా వైపు పేదవాళ్ల తిండి. అందులో గోధుమలాగా సాగే గుణం ఉండదు. ఎంత పిసికినా పొర రాదు. అందుకని వాళ్లు పిండిని నీళ్లలో కలిపి పులియబెడతారు. కొంత పిండిని మరిగే నీళ్లు పోసి ఉడకబెట్టినట్టు చేస్తారు. ఆ ఉడికిన పిండి నీటిని పట్టి ఉంచుతుంది, రొట్టె రోజుల తరబడి మెత్తగా ఉంటుంది. రొట్టె గోధుమ బ్రెడ్డంత పొంగదు. నల్లగా, బరువుగా, పుల్లగా ఉంటుంది. అయినా పొంగలేదని ఎవరూ సిగ్గుపడరు. అదే రొట్టె ఇప్పుడు పెద్ద హోటళ్లలో మామూలు బ్రెడ్డు కంటే ఎక్కువ ధరకు అమ్ముతారు.

మేష్టారు పిండిలో మరిగే నీళ్లు పోసి గరిటెతో కెలుకుతుంటే, మాలో ఒకరు పైకే అనేశారు, "ఇది మామ్మ అంబలి కాచినట్టే ఉంది" అని. మేష్టారు ఆగి, "అంబలి అంటే?" అన్నారు. ఈసారి చెప్పాం. రాత్రి చోడి పిండిని నీళ్లలో కలిపి ఉంచుతాం, తెల్లారేసరికి పులుస్తుంది, దాన్ని మరిగే నీళ్లలో పోసి అడుగంటకుండా కెలికి కాస్తాం అని ముగ్గురం మాటా మాటా అందుకుని చెప్పాం. ఇంగ్లీషులో దాన్ని ఫింగర్ మిల్లెట్ అంటారని అప్పటికి తెలుసుకున్నాం. మన వేళ్లలాంటి కంకి అనే కదా ఆ పేరు! వాడు పిడికిలి పట్టి చూపించింది సరిగ్గా అదే.

మేష్టారు అన్నారు, "పులియబెట్టడం, ఉడకబెట్టి కలపడం రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి. ఇంకేం కావాలి? ఆ పిండి తీసుకురండి, చేద్దాం."

తీసుకురావడానికి పిండి లేదు. మేమే పారబోశాం.

అమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పురుగు పడితే ఎండలో పోసి జల్లించుకోవచ్చు కదరా" అంది, అంతే. ఇంకో ఫోన్ చేయడం దానికంటే కష్టమైంది. ఊళ్లో ఉన్న నాలుగోవాడికి. మొదటి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. ఆ రోజు మేం కూడా నవ్వామని, తప్పు చేశామని చెప్పాం. వాడు అన్నది ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాం: "వెనక కూర్చున్నోళ్లు నవ్వినందుకు నేను రాలేదురా. మీరు నవ్వినారని వచ్చేసినాను."

వారం తర్వాత పార్సిలు వచ్చింది. కొత్త చోళ్లు, మరలో మెత్తగా పట్టించి, గుడ్డ సంచిలో కట్టి ఉన్నాయి. పంపింది అమ్మ కాదు, వాడు.

చోడి బ్రెడ్డు ఒక్క రోజులో కుదరలేదు. సగం మైదా, సగం చోడి పిండి వేస్తే ఇటుక వచ్చింది. చోళ్లలో గ్లూటెన్ లేదు, గాలిని పట్టే వల లేదు. ఐదోవంతు వేస్తే బాగా పొంగింది గాని చోళ్ల రుచి తెలియలేదు. చివరికి మాకు కుదిరిన లెక్క ఇది, రాసుకునేవాళ్లు రాసుకోండి. మైదా 700 గ్రాములు, చోడి పిండి 300. ఆ 300లో 100 తీసి అర లీటరు నీళ్లలో చిక్కటి అంబలిలా కాచి పూర్తిగా చల్లార్చాలి. వేడిగా పోస్తే ఈస్టు చస్తుంది, మా మొదటి ముద్ద గుర్తుంది కదా. తర్వాత మిగిలిన పిండి, ఉప్పు 20 గ్రాములు, పొడి ఈస్టు 10, బెల్లం 50, నూనె 30, అవసరాన్ని బట్టి ఇంకో 200 గ్రాముల దాకా నీళ్లు కొంచెం కొంచెంగా. బాగా పిసికి, రెట్టింపయ్యేదాకా మూతపెట్టి ఉంచి, గాలి తీసి, టిన్నుల్లో సర్ది, మళ్లీ పొంగాక 200 డిగ్రీల దగ్గర అరగంట పైగా కాల్చాలి. టిన్నులోంచి తీసి అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. చల్లారకుండా కోయకూడదు.

సెలవులకు వచ్చినప్పుడు ఆ బ్రెడ్డు మామ్మకు పెట్టాం. వాసన చూసి, ముక్క విరిచి తిని, "చోళ్లే, కానీ మెత్తగా ఉంది, పళ్లు లేనోళ్లకు బాగుంటుంది" అంది. మా మార్కుల జాబితాలో లేని మార్కు అది.

ఇప్పుడు మీ సంగతి. ఈ దారిలో రావాలనుకునే వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

పదో తరగతి చదివినవాళ్లకు ఐటీఐలో బేకర్ అండ్ కన్ఫెక్షనర్ అనే ఏడాది ట్రేడు ఉంది. అన్ని ఐటీఐల్లో ఉండదు, ఎక్కడుందో ముందే కనుక్కోవాలి. ఇంటర్ అయినవాళ్లు ఏ గ్రూపు చదివినా నేషనల్ కౌన్సిల్ ఫర్ హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. కుల ధ్రువపత్రం, ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. మాలో ఒకరికి ఒక్క అక్షరం తేడా వచ్చి మండల ఆఫీసు చుట్టూ నెల తిరగాల్సి వచ్చింది.

పని తేలిక కాదు. పొద్దున ఐదింటికి బ్రెడ్డు బల్ల మీద ఉండాలంటే బేకరీవాళ్లు రాత్రంతా మేలుకుని ఉండాలి. మా ముగ్గురి చేతుల మీదా ఓవెన్ వాతలున్నాయి. మొదట్లో జీతం తక్కువే. పండగలకు సెలవు దొరకదు, ఇటుకల పండగకు రెండేళ్లు రాలేకపోయాం. ఇవన్నీ తెలిసే రండి. కానీ చేతిలో పని ఉన్నవాడిని ఏ ఊరైనా పిలుస్తుంది. ఊళ్లోనే పెట్టుకోవాలంటే చిన్న ఓవెన్‌తో, ఆహార భద్రత రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టొచ్చు. అరకు వచ్చే పర్యాటకులు మన కాఫీ తాగుతూ ఎక్కడి నుంచో వచ్చిన బిస్కెట్టు తింటున్నారు. ఆ ప్లేటులో మన చోడి రొట్టె ఎందుకు ఉండకూడదు?

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నవ్వినవాళ్లే ఇప్పుడు చోళ్లు కొంటున్నారు. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని పొట్లం మీద రాసి అమ్ముతున్నారు. మంచిదే. కానీ వాళ్లు మెచ్చుకున్నారు కాబట్టి చోళ్లు గొప్పవి కాలేదు. వాళ్లు నవ్విన రోజున కూడా చోళ్లు ఇవే. మారాల్సింది మేం, గింజ కాదు.

చివరిగా ఒక్క మాట. మీరు కొండ దిగి చదువుకు వెళతారు. ఇద్దరో, నలుగురో కలిసి వెళతారు. ఏదో ఒక రోజు మీలో ఒకరి మాటను, తిండిని, పేరును చూసి ఎవరో నవ్వుతారు. అప్పుడు మీరు పెద్ద ప్రసంగం చేయక్కర్లేదు. నవ్వకండి. మీ వంతు వచ్చినప్పుడు లేచి "మాదీ అదే సార్" అనండి. ఆ మూడు మాటలు మేం ఆ రోజు అని ఉంటే ఇవాళ ఈ వేదిక మీద నలుగురం ఉండేవాళ్లం.

వాడు ఈ సభకు వచ్చాడు. వేదిక మీదకు రమ్మంటే రానన్నాడు. వెనక టీ స్టాలు దగ్గర చోడి బ్రెడ్డు ముక్కలు కోసి పెడుతున్నాడు. పిండి వాడి చేనులోది, కాల్చింది మేం. ఐటీఐ దరఖాస్తు కాగితం వాడి జేబులో ఉంది. పోతానని ఇంకా అనలేదు, మేం బలవంతపెట్టడం లేదు. మీరు వెళ్లి రొట్టె తినండి, బాగుంటే వాడికే చెప్పండి.